పెరటి కోళ్లకు పిలుపు, గూడు అలవాటు చేయడం: తాయిలంతో మచ్చిక చేసే పద్ధతి

పెరట్లో పది, పదిహేను కోళ్లు పెంచే ఇళ్లకు వెళ్లినప్పుడు వినే ఫిర్యాదులు దాదాపు ఒకేలా ఉంటాయి. పొద్దుగూకినా రెండు కోళ్లు గూటికి రావు. వేపచెట్టు మీదో పాక మీదో పడుకుంటాయి. తెల్లారేసరికి బావురుపిల్లి ఈకలు మాత్రం మిగులుస్తుంది. కోళ్లు పక్కవాళ్ల నారుమడిలో పడ్డాయని తగాదా వస్తుంది. టీకా వేద్దామంటే ఒక్క కోడీ చేతికి చిక్కదు. ఎదురు పొలంలో మందు కొడుతున్నారని తెలిసినా వాటిని ఇంటికి రప్పించే దారి ఉండదు.

ఈ నాలుగు ఇబ్బందులూ తగ్గాలంటే కోళ్లకు రెండు అలవాట్లు నేర్పితే చాలు. ఒకటి, పిలిస్తే రావడం. రెండు, చీకటి పడకముందే తమంతట తాము గూటికి చేరడం. కర్రతో తరిమి నేర్పలేం. రోజుకు రెండు మూడు గుప్పెళ్ల గింజలు, పది నిమిషాల ఓపిక ఉంటే రెండు మూడు వారాల్లో ఎవరైనా నేర్పవచ్చు. ఆ పద్ధతిని, అందులో జరిగే పొరపాట్లను ఈ వ్యాసంలో వివరిస్తున్నాం.

నేను చేసిన పొరపాటు

ఇరవై ఏళ్ల కిందటి మాట. ఒక గ్రామంలో కోళ్లకు టీకాలు వేసే కార్యక్రమానికి పశువైద్య సిబ్బందితో కలిసి వెళ్లాను. నేను వ్యవసాయం చదువుకున్నవాణ్ని. పైరు గురించి తెలిసినంతగా పక్షి గురించి తెలియదు. ఒక ఇంట్లో కోళ్లు పెరడంతా పరుగులు పెడుతుంటే, ఆ ఇల్లాలితో "అమ్మా, మీరు రోజూ పిలిచినట్టే పిలవండి, రాగానే పట్టేద్దాం" అన్నాను. ఆమె గిన్నె మీద గరిటెతో కొట్టింది. కోళ్లన్నీ వచ్చాయి. పట్టుకున్నాం, టీకా వేశాం, పని తొందరగా అయిందని సంతోషించాం.

పది రోజుల తర్వాత అదే దారిలో వెళ్తుంటే ఆమె ఆపి, "సారూ, మీరొచ్చిపోయిన కాడ్నించి గిన్నె చప్పుడు వింటేనే కోళ్లు దొడ్డి దాటి పారిపోతున్నాయి. గూటికి రావడం లేదు. రెండు పెట్టల్ని పిల్లి ఎత్తుకుపోయింది" అంది. ఆమె ఏడాదిపాటు ఓపికగా నేర్పిన పిలుపును నేను ఒక్క ఉదయంలో చెడగొట్టాను. టీకా వేయడంలో తప్పు లేదు. పిలిచిన నోటితోనే పట్టుకోమనడం తప్పు.

ఈ వ్యాసంలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇదే: పిలుపు అంటే కోడికి ఎప్పుడూ మేలే జరగాలి. పిలిచి పట్టుకోకూడదు.

ఈ పద్ధతి వెనుక ఉన్న సూత్రం

ఒక పని చేసిన వెంటనే మంచి ఫలితం దక్కితే జీవి ఆ పనిని మళ్లీ చేస్తుంది. అమెరికా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1898లోనే పిల్లులు, కోడిపిల్లలు, కుక్కల మీద ప్రయోగాలు చేసి ఈ సంగతి రాశారు. తర్వాత బి.ఎఫ్. స్కిన్నర్ పావురాలు, ఎలుకల మీద చేసిన పరిశోధనలతో దీన్ని ఒక శాస్త్రంగా నిలబెట్టారు. ఆయన శిష్యులైన కెల్లర్ బ్రెలండ్, మరియన్ బ్రెలండ్ దంపతులు ఈ పద్ధతితో కోళ్లతో సహా అనేక రకాల జంతువులకు శిక్షణ ఇచ్చారు.

బ్రెలండ్ దంపతులు 1961లో ప్రచురించిన ఒక వ్యాసం మనకు బాగా పనికొస్తుంది. కోడిని ఒక పలక మీద కొన్ని క్షణాలు ఊరకే నిలబడేలా చేయాలని వాళ్లు ప్రయత్నించారు. చాలా కోళ్లు నిలబడకుండా కాళ్లతో గీకడం మొదలుపెట్టాయి. గింజ దొరికే చోట గీకడం కోడికి పుట్టుకతో వచ్చిన గుణం. ఆ గుణానికి ఎదురు నిలిచి శిక్షణ ఇవ్వడం కష్టమని వాళ్లు గ్రహించారు.

మనమూ కోడి సహజ గుణాన్ని వాడుకోవాలి. మన నాటుకోడికి మూలమైన ఎర్ర అడవికోడి రాత్రిపూట చెట్టుకొమ్మ మీద పడుకుంటుంది. మన కోడికీ ఎత్తైన చోట కాళ్లు ముడుచుకుని పడుకోవాలని ఉంటుంది. గూట్లో ఆ ఎత్తు దొరికితే చెట్టెక్కాల్సిన అవసరం తగ్గుతుంది.

మొదలుపెట్టే ముందు కోడి గురించి తెలుసుకోవాల్సినవి

- పనికీ తాయిలానికీ మధ్య ఆలస్యం ఉండకూడదు. కోడి వచ్చిన ఒకటి రెండు క్షణాల్లో గింజ పడాలి. అర నిమిషం తర్వాత వేస్తే అప్పుడు తాను చేస్తున్న పనికే గింజ దక్కిందని కోడి అనుకుంటుంది.
- కోడికి పగటి చూపు చాలా చురుకు, రంగులు బాగా గుర్తుపడుతుంది. మసక వెలుతురులో దాని చూపు మందగిస్తుంది. కాబట్టి గూటికి చేర్చే పని వెలుతురు ఉండగానే ముగించాలి.
- పైనుంచి వచ్చే దేన్ని చూసినా గద్ద అనుకుని బెదురుతుంది. చేతిని ఎప్పుడూ కిందనుంచి, పక్కనుంచి చాపాలి.
- కోళ్ల గుంపులో పెత్తనం వరుస ఉంటుంది. పెద్ద పుంజు, పెత్తందారు పెట్ట ముందు తింటాయి. బలహీనమైనవి వెనక నిలబడతాయి. గింజలు ఒకేచోట కుప్పగా పోస్తే వెనక ఉన్నవాటికి ఏమీ దక్కదు, అవి పిలుపు నేర్చుకోవు.
- ఒక కోడి వస్తే మిగిలినవి దాని వెంట వస్తాయి. ముందు రెండు మూడు చురుకైన పెట్టలు నేర్చుకుంటే సగం పని అయినట్టే.

ఏ తాయిలం ఇవ్వాలి, ఎంత ఇవ్వాలి

రోజూ దొరికే మేతకన్నా కొంచెం రుచైనది తాయిలంగా పనిచేస్తుంది. తవుడు, దాణా ముందు పెట్టి ఉంచే ఇంట్లో అదే దాణాను తాయిలంగా చూపిస్తే కోడి పట్టించుకోదు.

పనికొచ్చేవి: నూకలు, సజ్జలు, జొన్నలు, కొర్రలు, రాగులు, పలగ్గొట్టిన మొక్కజొన్న. చెదలు, పురుగులు దొరికితే అంతకు మించిన తాయిలం లేదు. వాటిని కొత్త పని నేర్పేటప్పుడు మాత్రం వాడండి. పురుగుమందు, చెదల మందు చల్లిన చోట నుంచి తెచ్చిన చెదలు వేయకండి.

వేయకూడనివి: బూజు పట్టిన మొక్కజొన్న, వేరుశనగ గింజలు, పిండి. వీటిలో ఉండే అఫ్లాటాక్సిన్ విషం కోళ్ల కాలేయాన్ని పాడుచేస్తుంది. ఉప్పు ఎక్కువగా ఉన్న పచ్చళ్లు, చిప్స్, మిక్చర్ లాంటివి వేయకూడదు. విత్తనశుద్ధి మందు పట్టించిన విత్తనాలు ఎట్టి పరిస్థితుల్లోనూ వేయకూడదు. విత్తాక మిగిలిన గింజల్ని "కోళ్లు తింటాయిలే" అని పెరట్లో పారబోసే అలవాటు కొన్నిచోట్ల ఉంది. అది ప్రాణాంతకం.

ఎంత: పెద్ద కోడి రోజుకు సుమారు 100 నుంచి 120 గ్రాముల మేత తింటుంది. తాయిలం అందులో పదో వంతు, అంటే కోడికి సుమారు 10 గ్రాములు మించకూడదు. పది కోళ్లకు రోజుకు రెండు మూడు గుప్పెళ్లు సరిపోతాయి. హైదరాబాద్‌లోని కోళ్ల పరిశోధన సంచాలనాలయం రూపొందించిన వనరాజా వంటి జాతి పెట్టలకు మేత ఎక్కువైతే కొవ్వు పట్టి గుడ్లు తగ్గుతాయి. అందుకే తాయిలం ఇచ్చిన మేరకు సాయంత్రం మేత తగ్గించండి.

ఎప్పుడు: కోడి కాస్త ఆకలిగా ఉన్నప్పుడు నేర్పాలి. ఉదయం గూడు తెరిచే వేళ, సాయంత్రం గూటికి చేరే ముందు అనువైన సమయాలు. నేర్పడం కోసం కోళ్లను పస్తు పెట్టకండి.

మొదటి అలవాటు: పిలిస్తే రావడం

ముందు ఒక గుర్తు ఎంచుకోండి. నోటి పిలుపు ఒక్కో ఇంట్లో ఒక్కోలా ఉంటుంది. ఇంట్లో నలుగురి గొంతూ ఒకేలా ఉండదు కాబట్టి నోటి పిలుపుతో పాటు ఒక చప్పుడు కూడా ఉంటే మంచిది. పాత సత్తు గిన్నె మీద గరిటెతో నాలుగు దెబ్బలు కొట్టడం, గింజలు పోసిన డబ్బాను గలగలలాడించడం బాగా పనిచేస్తాయి. చప్పుడు దూరం వినిపించాలి, వేరే పనులకు వాడనిది అయి ఉండాలి. వంటింట్లో రోజూ మోగే గిన్నె పనికిరాదు.

1వ రోజు నుంచి 3వ రోజు వరకు: కోళ్లు మీకు నాలుగైదు అడుగుల దూరంలో ఉన్నప్పుడు చప్పుడు చేసి, వెంటనే గింజలు చల్లండి. అవి రావాలని ఎదురుచూడొద్దు. చప్పుడు తర్వాత గింజలు వస్తాయన్న సంగతి మాత్రమే ఇప్పుడు తెలియాలి. పూటకు ఐదారు సార్లు, ఒక్కోసారి చిటికెడు గింజలు చాలు.

4వ రోజు నుంచి 7వ రోజు వరకు: పది, పదిహేను అడుగుల దూరం నుంచి చప్పుడు చేయండి. వచ్చిన కోళ్లకు వెంటనే గింజలు వేయండి. గింజల్ని వెడల్పుగా చల్లండి, వెనక ఉన్నవాటి వైపు కొన్ని ప్రత్యేకంగా విసరండి.

రెండో వారం: కోళ్లు కనపడని చోట ఉన్నప్పుడు పిలవండి. మొదట ఇంటి మూల నుంచి, తర్వాత గడ్డివాము అవతల నుంచి, ఆ తర్వాత పక్క పొలంలో ఉన్నప్పుడు. ఒక దూరంలో దాదాపు అన్ని కోళ్లూ వస్తున్నాయని రూఢి అయ్యాకే తర్వాతి దూరానికి వెళ్లాలి. రాకపోతే మళ్లీ మళ్లీ కొట్టకండి. చప్పుడు వినీ రాకపోవడం అలవాటవుతుంది. నాలుగు అడుగులు దగ్గరకు వెళ్లి, ఒక్కసారి పిలిచి, వచ్చాక తాయిలం ఇవ్వండి.

మూడో వారం: ఇంట్లో ఇంకొకరు కూడా అదే చప్పుడు చేసి, అదే విధంగా తాయిలం ఇవ్వాలి. మీరు ఊరెళ్లిన రోజు కోళ్లు రాకపోతే నేర్పిన దానికి ప్రయోజనం ఉండదు.

అలవాటు పడ్డాక ప్రతిసారీ ఒకే మోతాదు అక్కర్లేదు. ఒకసారి చిటికెడు, ఒకసారి గుప్పెడు వేయవచ్చు. వట్టి చేతులతో మాత్రం వరుసగా పిలవకండి. నాలుగైదు సార్లు వచ్చి ఏమీ దొరక్కపోతే రావడం మానేస్తాయి.

ఈ పిలుపు ఎప్పుడు ప్రాణం కాపాడుతుంది

వ్యవసాయ అధికారిగా నేను దీనికి ఎక్కువ ప్రాధాన్యం ఇచ్చేది ఈ కారణం వల్లే. వరిలో, మిరపలో, పత్తిలో మందు కొట్టే రోజుల్లో, మడిలో గుళికలు చల్లినప్పుడు, గట్ల మీద ఎలుకలకు జింక్ ఫాస్ఫైడ్ ఎర పెట్టినప్పుడు బయట తిరిగే కోళ్లకు గండమే. గుళిక కోడి కంటికి గింజలాగే కనిపిస్తుంది. పక్క రైతు మందు కొట్టబోతున్నానని చెప్పిన ఐదు నిమిషాల్లో కోళ్లన్నిటినీ ఇంటికి రప్పించగలిగితే ఆ గండం తప్పుతుంది. ఆ రోజు గూట్లోనే ఉంచి మేత, నీళ్లు పెట్టండి. ఎన్ని రోజులు వదలకూడదో మందు డబ్బా మీద జాగ్రత్తలు చదివి, మీ వ్యవసాయ సిబ్బందిని అడిగి నిర్ణయించుకోండి.

నారుమడి, వేరుశనగ విత్తిన పొలం పక్కన ఉన్నప్పుడు కూడా ఇదే పిలుపు పనికొస్తుంది. కోళ్లు చేలో దిగకముందే పిలవాలి. చేలో విత్తనాలు ఏరుకు తింటున్న కోడికి మీ చేతిలో నూకలు రుచించవు.

రెండో అలవాటు: చీకటి పడకముందే గూటికి చేరడం

ముందు గూడు సరిగా ఉందో లేదో చూడండి. గూడు నచ్చకపోతే ఎంత తాయిలం ఇచ్చినా కోడి లోపల నిలవదు.

- పడుకోవడానికి అడ్డంగా దండె ఉండాలి. ఒక్కో కోడికి సుమారు 20 సెంటీమీటర్ల చోటు, దండె వెడల్పు సుమారు 5 సెంటీమీటర్లు ఉంటే కాళ్లకు సుఖం. అంచులు నునుపుగా ఉండాలి.
- దండెలన్నీ ఒకే ఎత్తులో ఉంటే పై దండె కోసం పొడుచుకోవడం తగ్గుతుంది.
- గాలి ఆడాలి. కింద తడి, ఘాటైన వాసన ఉంటే కోళ్లు బయటే పడుకుంటాయి.
- నల్లులు, గోమార్లు పట్టిన గూటిని కోడి వదిలేస్తుంది. బాగా ఉన్న కోళ్లు ఒక్కసారిగా గూటికి రావడం మానేస్తే, రాత్రిపూట టార్చి వేసి దండె పగుళ్లు, మూలలు చూడండి.
- ముంగిస, పిల్లి దూరకుండా సన్నకన్ను జల్లెడ, గట్టి గడియ ఉండాలి. 

కొత్త గూడు, కొత్త కోళ్లు అయితే: మొదటి మూడు నుంచి ఐదు రోజులు గూట్లోనే, లేదా గూటిని ఆనుకున్న వల దొడ్డిలోనే ఉంచండి. మేత, నీళ్లు అక్కడే పెట్టండి. ఇది తన ఇల్లు అని కోడికి గుర్తు ఉండాలి. తర్వాత మొదటిసారి వదిలేటప్పుడు సాయంత్రం చీకటి పడటానికి గంట ముందు వదలండి. ఎక్కువ దూరం పోకముందే పొద్దుగూకుతుంది, కోడి తనంతట తాను తిరిగి వస్తుంది.

సాయంత్రం చేయాల్సిన పని:

1. పొద్దుగూకడానికి అరగంట ముందు గూటి తలుపు తెరిచి ఉంచండి. లోపల చీకటిగా ఉంటే కోడి అడుగుపెట్టడానికి జంకుతుంది. చిన్న బల్బో లాంతరో లోపల ఉంచితే ధైర్యంగా వెళ్తుంది.
2. గూటి ముందు నిలబడి రోజూ చేసే చప్పుడు చేయండి. గుమ్మం బయట చిటికెడు, గుమ్మం మీద చిటికెడు, లోపల గుప్పెడు గింజలు వేయండి. పెద్ద భాగం ఎప్పుడూ లోపలే ఉండాలి.
3. లోపలికి వెళ్లిన వెంటనే తలుపు మూయకండి. మొదటి వారం లోపలికి, బయటికి తిరగనివ్వండి. వెళ్లిన మరుక్షణం తలుపు పడితే మర్నాడు గుమ్మం దగ్గరే ఆగిపోతుంది.
4. అన్నీ దండె ఎక్కాక లెక్కపెట్టండి, లైటు తీసి తలుపు మూయండి.
5. ఒకటి రెండు చెట్టెక్కితే రాళ్లు విసరకండి, గడకర్రతో పొడవకండి. బాగా చీకటి పడ్డాక మెల్లగా దించి దండె మీద కూర్చోబెట్టండి. చీకట్లో కోడి పెనుగులాడదు. వరుసగా కొన్ని రాత్రులు ఇలా చేసి, సాయంత్రం తాయిలం కూడా లోపలే అందిస్తే చాలా వరకు దారికి వస్తాయి.

టీకా రోజు, తూకం రోజు ఏం చేయాలి

నా పొరపాటుకు పరిష్కారం చాలా తేలిక. కోళ్లను పట్టుకోవాల్సి ఉంటే ముందు రోజు రాత్రే గూట్లో మూసి ఉంచండి. తెల్లవారకముందు మసక వెలుతురులో ఒక్కొక్కదాన్ని దండె మీద నుంచి తీసి టీకా వేయించి, గంపలోకో వల దొడ్డిలోకో వదలండి. పరుగులుండవు, సిబ్బందికీ పని తొందరగా అవుతుంది. పని మొత్తం ముగిశాక ఒక గుప్పెడు గింజలు చల్లండి. ఆ ఉదయం పిలుపు చప్పుడు అసలు వాడకండి.

పట్టుకునే తీరు: రెండు చేతులతో రెక్కలు ఒంటికి అదిమి ఎత్తాలి. ఒక రెక్క పట్టి, ఒక కాలు పట్టి వేలాడదీయకూడదు. కళ్లకు చేయి అడ్డం పెడితేనో, పలచని గుడ్డ కప్పితేనో కోడి నెమ్మదిస్తుంది.

చేతికి మచ్చిక: వారానికి రెండు మూడు రోజులు కింద కూర్చుని అరచేతిలో గింజలు పెట్టుకుని కదలకుండా ఉండండి. మొదట ఒక ధైర్యమున్న పెట్ట వస్తుంది. అది తింటుండగా రెండో చేత్తో రొమ్ము దగ్గర మెల్లగా తాకి చేయి తీసేయండి. వెంటనే ఇంకొన్ని గింజలు వేయండి. తాకే సమయాన్ని రోజురోజుకూ కొద్దిగా పెంచండి. ఇలా మచ్చికైన కోడికి కాళ్లు, ముక్కు, మలద్వారం చూడటం, పేలు ఉన్నాయేమో వెతకడం పగలే వీలవుతుంది. బల్ల తూకం ఉంటే దాని మీద గింజలు వేసి ఎక్కడం నేర్పవచ్చు. తూకం రోజు వెంటబడాల్సిన పని ఉండదు.

పెరటి కోళ్లకు కొక్కెర తెగులు, అంటే రాణిఖేత్ వ్యాధి, అతి పెద్ద ముప్పు. పిల్లలకు మొదటి వారంలో లసోటా టీకా చుక్కలు, నాలుగో వారంలో మళ్లీ లసోటా, ఎనిమిది వారాలు దాటాక ఆర్2బి టీకా సూది వేయించడం మామూలు పద్ధతి. గంబోరో, మశూచి టీకాలు కూడా ఉన్నాయి. మీ ప్రాంతంలో ఏది ఎప్పుడు వేయించాలో పశువైద్యాధికారి చెప్పినట్టు చేయండి.

కోయడానికో అమ్మడానికో కోడిని పట్టుకునేటప్పుడూ ఇదే నియమం. మిగతా కోళ్ల ముందు, పగటి వేళ, పిలిచి పట్టకండి. రాత్రి గూట్లోంచి తీయండి.

కోడిపిల్లల దశలోనే మొదలుపెడితే

పొదుగు పెట్ట కింద ఉన్న పిల్లలు తల్లిని చూసి నేర్చుకుంటాయి. తల్లి పిలుపుకు వస్తే పిల్లలూ వస్తాయి. కాబట్టి ముందు తల్లికి నేర్పండి.

బ్రూడర్ కింద పెంచే పిల్లలకు మొదటి వారం సుమారు 35 డిగ్రీల వెచ్చదనం ఇచ్చి, వారానికి సుమారు 3 డిగ్రీల చొప్పున తగ్గిస్తాం. ఈ దశలోనే మేత వేసే ప్రతిసారీ అదే డబ్బా చప్పుడు మెల్లగా వినిపించండి. చేయి పక్కనుంచి చాపి, అరచేతిలో నూక పెట్టి కదలకుండా ఉంచండి. నాలుగు వారాలు ఇలా చేస్తే బయట వదిలేనాటికి పిలుపు వాటికి కొత్తగా ఉండదు. స్వయం సహాయక బృందాల మహిళలు నాలుగైదు వారాల పిల్లలను కొనుక్కుని తెచ్చినప్పుడు, అమ్మినవారు ఏ చప్పుడుతో మేత వేసేవారో అడిగి తెలుసుకుని కొన్నాళ్లు అదే కొనసాగించడం మంచిది.

గుడ్లు గూట్లోనే పెట్టాలంటే

మొదటిసారి గుడ్డు పెట్టబోయే పెట్ట చోటు కోసం రెండు మూడు రోజులు తిరుగుతుంది. అప్పుడు మెత్తటి గడ్డి పరిచిన, కాస్త మరుగైన పెట్టెలో ఒక ఉత్తుత్తి గుడ్డు ఉంచండి. గుడ్డు ఆకారంలో నునుపుగా ఉన్న తెల్లరాయి అయినా చాలు. ఆ చోటు క్షేమమని పెట్టకు నమ్మకం కుదురుతుంది. పెట్టెలో ఉండగా కదిలించకండి. దిగి వచ్చాక నాలుగు గింజలు వేయండి.

బాతులు, గిన్నీ కోళ్లు

బాతులు గుంపుగా నడిచే పక్షులు. పిలుపు త్వరగా పట్టుకుంటాయి. ఎక్కువగా తెల్లవారుజామున గుడ్లు పెడతాయి కాబట్టి ఉదయం 9 గంటల దాకా లోపలే ఉంచి వదిలితే గుడ్లు పోవు. సాయంత్రం వాటికి తాయిలం నీళ్లతో తడిపి ఇవ్వాలి, పొడి పిండి గొంతుకు అడ్డుపడుతుంది. గిన్నీ కోళ్లు బెదురు ఎక్కువ, చెట్టెక్కే గుణం ఎక్కువ. వాటిని పిల్లలుగా ఉన్నప్పుడే నేర్పాలి. నేర్చిన నాటుకోళ్లతో కలిపి పెంచితే తేలిక.

పంజరం పక్షులు పెంచేవారికి

ఇదే సూత్రం బడ్జరిగర్లకు, కాకటీల్ పక్షులకు కూడా వర్తిస్తుంది. కొర్ర కంకితో చేతి మీదికి ఎక్కడం నేర్పవచ్చు. రోజుకు ఐదు నిమిషాల చొప్పున రెండు సార్లు చాలు. కొరికితే అరవకండి, కొట్టకండి. చేయి కదలకుండా కొద్దిసేపు ఆగి, తర్వాత మెల్లగా తీసి, ఇంకా తేలికైన మెట్టు నుంచి మొదలుపెట్టండి.

ఒక హెచ్చరిక. మన పొలాల్లో కనిపించే రామచిలుకలు, గోరింకలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ పొందిన పక్షులు. వాటిని పట్టడం, అమ్మడం, పంజరంలో పెంచడం నేరం. గూటి నుంచి పడిన పిల్ల దొరికితే అటవీ శాఖ వారికి తెలియజేయండి. అలాగే పుంజులను పందేలకు తయారుచేయడానికి ఈ పద్ధతి కాదు. జంతువులను పోట్లాటకు ఉసిగొల్పడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం.

తరచూ జరిగే పొరపాట్లు, సరిదిద్దే తీరు

- పిలిస్తే కొన్నే వస్తున్నాయి: గింజలు ఒకేచోట పడుతున్నాయి. రెండు మూడు చోట్ల చల్లండి.
- వచ్చి మీద పడి పొడుస్తున్నాయి: చేతిలోంచి మాత్రమే ఇస్తున్నారు. నేలమీద చల్లండి. మీద ఎగిరిన కోడికి ఆ క్షణంలో ఏమీ ఇవ్వకండి.
- గూట్లోకి వెళ్లి తిని బయటికి వచ్చేస్తున్నాయి: చాలా ముందుగా పిలుస్తున్నారు. పొద్దు వాలాక పిలవండి, గింజలు విడతలుగా వేయండి.
- బాగా వచ్చేవి రావడం మానేశాయి: ఈమధ్య ఎవరైనా పిలిచి పట్టారేమో, కుక్క తరిమిందేమో కనుక్కోండి. పాత చప్పుడు చెడిపోతే దానితో కుస్తీ పట్టకండి. కొత్త చప్పుడు ఎంచుకుని మొదటి రోజు నుంచి మొదలుపెట్టండి. నా వల్ల పిలుపు చెడిన ఆ ఇంట్లో గిన్నెకు బదులు గింజల డబ్బా వాడితే మూడు వారాల్లో కోళ్లు మళ్లీ గూటికి చేరాయి.
- పిల్లలు సరదాకి పిలుస్తున్నారు: పిలిచిన ప్రతిసారీ నాలుగు గింజలైనా వేయాలని వాళ్లకు చెప్పండి.

పిలుపుకు రాని కోడిని గమనించండి

ఈ అలవాటు వల్ల అనుకోని లాభం ఒకటుంది. రోజూ పరుగున వచ్చే కోడి ఒకరోజు వెనక ముడుచుకుని నిలబడితే, వచ్చి గింజ ముట్టకపోతే, జబ్బు మొదలైందని అనుమానించాలి. తుమ్ములు, మెడ తిరగడం, పచ్చటి రెట్ట, రెక్కలు వాలేయడం వంటివి బయటపడకముందే ఈ గుర్తు కనిపించవచ్చు. ఆ కోడిని వెంటనే వేరుచేసి పశువైద్యుణ్ని సంప్రదించండి.

ఒకేసారి చాలా కోళ్లు చనిపోతే వాటిని ముట్టుకోకండి, కోయకండి, అమ్మకండి, కాలువలో పారేయకండి. వెంటనే పశుసంవర్ధక శాఖకు చెప్పండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ బయటపడింది. సమాచారం ఆలస్యమైన కొద్దీ ఊరంతటికీ నష్టం. మామూలు రోజుల్లో కూడా కోళ్లకు చేతితో మేత పెట్టాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పిల్లలకు ఈ అలవాటు తప్పకుండా నేర్పండి.

గుర్తుంచుకోవాల్సిన ఐదు మాటలు

1. ఒకే చప్పుడు, ఒకే తీరు, ఇంట్లో అందరూ.
2. పని అయిన వెంటనే తాయిలం, కొద్దిగా.
3. సాయంత్రం తాయిలంలో పెద్ద భాగం గూటి లోపలే.
4. పిలిచి పట్టుకోకూడదు. పట్టుకోవాలంటే రాత్రి, దండె మీద నుంచి.
5. రోజూ లెక్కపెట్టాలి. రాని కోడి ఎక్కడుందో, ఎలా ఉందో చూడాలి.

గిన్నె చప్పుడుకు పెరడంతా దాటి వచ్చే కోళ్లున్న ఇంట్లో టీకాలు వేళకు పడతాయి, పిల్లికి పోయేవి తగ్గుతాయి, పక్కింటితో మాట తేడా రాదు. టీకాలు, జబ్బుల విషయంలో మీ గ్రామానికి దగ్గరలోని పశువైద్యశాలను, పొలంలో వాడే మందుల విషయంలో మీ వ్యవసాయ విస్తరణ సిబ్బందిని సంప్రదించండి.